ఫోన్‌కి ఛార్జింగ్ ఎక్కట్లేదా..? కొత్త బ్యాటరీ వేయించే ముందు ఒక్కసారి పోర్ట్ చూడండి.. నెల్లూరు తీరంలో ఉప్పుగాలితోనే అసలు తంటా!

రాత్రి పడుకునే ముందు ఛార్జింగ్ పెడతారు. తెల్లారి లేచి చూస్తే 9 శాతం దగ్గరే ఆగిపోయి ఉంటుంది. కేబుల్‌ని అటు తిప్పి ఇటు తిప్పి కాస్త నొక్కిపడితే మెరుపు గుర్తు వస్తుంది, చెయ్యి వదలగానే పోతుంది. మైపాడు, కోడూరు, కృష్ణపట్నం, జువ్వలదిన్నె.. నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకి ఇది బాగా తెలిసిన తలనొప్పే. చాలామంది వెంటనే 'బ్యాటరీ పోయింది' అనేసుకుంటారు. షాపుకెళ్లి బ్యాటరీ మార్పిస్తారు. రెండు వారాలకి మళ్లీ అదే కథ. ఎందుకంటే తప్పు బ్యాటరీలో లేదు.

తీరంలో ఫోన్ ఆగిపోతే పోయేది రీల్స్ ఒక్కటే కాదు. తుఫాను హెచ్చరిక వచ్చేది అందులోనే. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల జాడ, అలల సమాచారం చాలామంది చూసుకునేది అందులోనే. రొయ్యల గుంటల దగ్గర మోటార్లకి సిమ్‌తో పనిచేసే మొబైల్ స్టార్టర్ పెట్టుకున్న రైతుకైతే, అర్ధరాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగాయని తెలిసేది ఆ ఫోన్‌కి వచ్చే కాల్‌తోనే. ఆ టైంలో ఫోన్ చచ్చిపడి ఉంటే తెల్లారేసరికి గుంటలో రొయ్య మిగలదు. కాబట్టి ఛార్జింగ్ ఎక్కనప్పుడు ఏం చూడాలి, ఏ వరసలో చూడాలి, ముఖ్యంగా ఏం చేయకూడదు.. వివరంగా తెలుసుకుందాం.

ముందు ఖర్చు లేని టెస్ట్

ఫోన్ పూర్తిగా డెడ్ అయి ఉంటే, ఛార్జర్ పెట్టిన మరుక్షణం ఏమీ కనిపించకపోవచ్చు. కంగారు పడొద్దు. బ్యాటరీ అడుగంటిపోయినప్పుడు ఛార్జింగ్ గుర్తు రావడానికే కొంత టైం పడుతుంది. అరగంట నుంచి గంట దాకా అలాగే వదిలేయండి. అప్పటికీ చలనం లేకపోతేనే తర్వాత స్టెప్.

ఆ స్టెప్ ఏంటంటే, ఒక్కోటి మార్చి చూడటం. ముందు ప్లగ్ పాయింట్ మార్చండి. తర్వాత కేబుల్, ఆ తర్వాత అడాప్టర్. మూడూ ఒకేసారి మార్చేస్తే తప్పు ఎక్కడుందో తేలదు. మీ కేబుల్‌తో ఇంట్లో ఇంకో ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టి చూడండి. అది ఎక్కితే కేబుల్ బాగున్నట్టే, మీ ఫోన్ సంగతే చూడాలి. ఎక్కకపోతే సమస్య వందో రెండొందలో పెట్టి కేబుల్ కొనడంతో తీరిపోతుంది. కేబుళ్లు ఎక్కువగా పోయేది పిన్ను మొదట్లో, వైరు మడతపడే చోట. బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల తీగ తెగి ఉంటుంది.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పుకోవాలి. 'మా ఊళ్లో ఓల్టేజీ తక్కువ, అందుకే ఎక్కట్లేదు' అంటారు. మీ అడాప్టర్ మీద సన్నటి అక్షరాలు చదవండి. మంచి అడాప్టర్లలో చాలావాటి మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 ఓల్టులు అని ఉంటుంది. అంటే 230 రావాల్సిన చోట 170 వచ్చినా అది పనిచేయాలి. ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతున్నంత మాత్రాన ఫోన్ ఛార్జింగ్ ఆగిపోదు. జనరేటర్ మీదో, చవక ఇన్వర్టర్ మీదో ఛార్జింగ్ పెట్టినప్పుడు స్క్రీన్ దానంతటదే టచ్ అవుతున్నట్టు పిచ్చిపిచ్చిగా చేస్తుంటే మాత్రం, అక్కడ కరెంటు శుభ్రంగా లేదనో, అడాప్టర్ నాసిరకమనో అనుమానించాలి.

అడాప్టర్ కొనేటప్పుడు దాని మీద బీఐఎస్ గుర్తు, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. మన దేశంలో మొబైల్ అడాప్టర్లకీ, పవర్‌బ్యాంకులకీ ఇది తప్పనిసరి. 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీదో బయటపడుతుంది. రోడ్డు పక్కన గుట్టగా పోసి అమ్మేవాటిలో ఆ నంబరు వెతికితే తెలుస్తుంది అసలు కథ.

అసలు సంగతి పోర్ట్‌లో ఉంది

కేబుల్, అడాప్టర్ రెండూ బాగున్నాయా? అయితే ఇంకో ఫోన్ టార్చ్ వేసి మీ ఫోన్ ఛార్జింగ్ రంధ్రంలోకి చూడండి. జేబులో దూది, లుంగీ నూలు, ఇసుక.. కేబుల్ పెట్టిన ప్రతిసారీ ఇవన్నీ లోపలికి తోసుకుపోయి అడుగున అట్టలా గట్టిపడతాయి. కేబుల్ ఇదివరకులా 'టక్' మని చివరిదాకా వెళ్లకుండా వదులుగా ఊగుతోందంటే దాదాపు ఇదే కారణం.

తీరంలో దీనికి ఇంకోటి తోడవుతుంది. అదే ఉప్పు.

సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అలలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర గాలిలో కలిసి, నీరు ఆరిపోయి, ఉప్పు పొడిగా ఫోన్ మీదా పోర్ట్‌లోనూ కూర్చుంటుంది. ఇంటి కిటికీ ఊచలు తుప్పు పడుతున్నాయంటే ఫోన్‌లో కూడా అదే జరుగుతోందని అర్థం. ఉప్పుకి తేమని లాక్కునే గుణం ఉంది. గాలిలో తేమ దాదాపు 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే చెమ్మగిల్లి కరగడం మొదలుపెడుతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చూస్తే తెలిసిపోతుంది కదా! సముద్రపు ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి కాబట్టి అది ఇంకా తక్కువ తేమకే తడుస్తుంది. అందుకే ఫోన్ నీళ్లలో పడకపోయినా, అసలు వాన చినుకే తగలకపోయినా, తెల్లవారుజామున ఛార్జింగ్ పెట్టగానే స్క్రీన్ మీద 'తేమ ఉంది' అని నీటిచుక్క గుర్తు వస్తుంది. ఫోన్ అబద్ధం చెప్పడం లేదు.

ఆ గుర్తు వచ్చాక కూడా మొండిగా ఛార్జింగ్ పెడితే ఏమవుతుంది? ఉప్పునీరు కరెంటుని బాగా పోనిస్తుంది. మామూలు ఛార్జింగ్‌లో 5 ఓల్టులు, ఫాస్ట్ ఛార్జింగ్‌లో చాలా ఫోన్లకి 9 ఓల్టులు, కొన్నింటికి ఇంకా ఎక్కువే వెళ్తాయి. తడి ఉప్పు, దాని మీద ఓల్టేజీ.. రెండూ కలిస్తే పోర్ట్‌లోని సన్నటి లోహపు కాంటాక్టులు కరిగిపోతూ వస్తాయి. టైప్-సీ పోర్ట్‌లో ఇవి గరిష్ఠంగా 24 ఉంటాయి, ఒక్కోటీ వెంట్రుకలా సన్నగా ఉంటుంది. కొన్నిసార్లు ఇలా జరిగితే చాలు, పచ్చగా తుప్పు కనిపిస్తుంది. ఊరికే తడిసిన పోర్ట్ ఆరితే బాగుపడే అవకాశం ఉంది. తడిగా ఉన్నప్పుడు కరెంటు ఎక్కించిన పోర్ట్‌కి ఆ అవకాశం తగ్గిపోతుంది. ఈ వార్తలో ఒక్క విషయమే గుర్తుంచుకుంటాం అంటే, ఇది గుర్తుంచుకోండి.

కొన్ని ఫోన్లలో ఈ హెచ్చరికని పక్కనపెట్టి అత్యవసరంగా ఛార్జింగ్ ఎక్కించే ఆప్షన్ కూడా ఉంటుంది. ప్రాణం మీదకి వస్తే తప్ప దాని జోలికి పోవద్దు. వైర్‌లెస్ ఛార్జింగ్ ఉన్న ఫోన్ అయితే వెనకభాగం పొడిగా తుడిచి దాని మీద పెట్టుకోవచ్చు, పోర్ట్‌తో పని ఉండదు.

ఎలా శుభ్రం చేయాలి..?

ఫోన్ స్విచాఫ్ చేయండి. ఇది మర్చిపోకూడదు. సన్నటి చెక్క టూత్‌పిక్ లేదా పలచటి ప్లాస్టిక్ పుల్ల తీసుకోండి. టైప్-సీ పోర్ట్ మధ్యలో నాలుకలాంటి పలక ఒకటి ఉంటుంది. కాంటాక్టులన్నీ దాని మీదే. దాన్ని తాకకుండా గోడల వెంబడి, అడుగున పేరుకున్న దూదిని మెల్లగా పైకి గీకండి. మెత్తటి పొడి బ్రష్ ఉంటే దాంతో రెండుసార్లు దులపండి. అయిపోయింది. పిన్నీసు, సూది, సేఫ్టీ పిన్ను.. ఇలాంటి ఇనుప వస్తువులేవీ వద్దు. నోటితో ఊదడం కూడా మానేయండి, ఉమ్మితో సహా తేమే లోపలికి వెళ్తుంది.

కీప్యాడ్ ఫోన్లు, పాత ఫోన్లలో ఉండే మైక్రో యూఎస్‌బీకి ఇంకో ఇబ్బంది ఉంది. దానికి పైభాగం, కిందభాగం వేరు. చీకట్లో తిరగేసి బలంగా తోస్తే లోపలి పలక విరిగిపోతుంది. అలా విరిగితే ఇంట్లో చేయగలిగిందేమీ లేదు.

ఫోన్ సముద్రం నీళ్లలో పడితే

పడవ దిగుతుంటేనో, మైపాడు బీచ్‌లో సెల్ఫీ తీసుకుంటుంటేనో జారిపడింది అనుకుందాం. తీయగానే ఆన్ అవుతుందా లేదా అని చూడొద్దు, ఛార్జింగ్ అసలే పెట్టొద్దు. స్విచాఫ్ చేసి కవర్ తీసేయండి.

తర్వాత చేయాల్సింది మీ ఫోన్‌ని బట్టి ఉంటుంది. ఐపీ67, ఐపీ68 రేటింగ్ ఉన్న ఫోన్ అయితే, సిమ్ ట్రే మూసి ఉండగానే, మంచినీళ్లతో మెల్లగా కడగాలి. తడిసిన ఫోన్‌ని మళ్లీ తడపడమేంటి అనిపిస్తుంది. కానీ సముద్రపు నీరు ఆరితే ఉప్పు లోపలే ఉండిపోతుంది, అది పోవాలంటే మంచినీళ్లు తప్ప దారి లేదు. రేటింగ్ లేని ఫోన్ మీద మాత్రం నీళ్లు పోయొద్దు. పొడి గుడ్డతో తుడిచి, ఎంత త్వరగా షాపుకి చేర్చగలిగితే అంత మంచిది. పగిలిన స్క్రీన్, ఊడి అతికించిన బ్యాక్ ప్యానెల్ ఉన్న ఫోన్‌ని కూడా రేటింగ్ లేని ఫోన్ కిందే లెక్కేసుకోవాలి.

అన్నట్టు, ఐపీ రేటింగ్ చూసి 'వాటర్‌ప్రూఫే కదా' అని ధీమాగా ఉండేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. ఐపీ67 అంటే మీటరు లోతులో 30 నిమిషాలు. ఆ పరీక్ష చేసేది మంచినీళ్లలో, సముద్రపు నీళ్లలో కాదు. పైగా నీళ్లతో పాడైతే మామూలుగా వారంటీ వర్తించదు. చాలా ఫోన్లలో సిమ్ ట్రే లోపల చిన్న స్టిక్కర్ ఉంటుంది, తడి తగిలితే ఎర్రబడుతుంది. సర్వీస్ సెంటర్ వాళ్లు ముందు చూసేది దాన్నే.

కడిగాక పోర్ట్ కిందికి ఉండేలా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టండి. తర్వాత నీడలో, ఫ్యాన్ గాలికి పెట్టండి. కనీసం అరగంట ఆగాకే ఛార్జింగ్ ప్రయత్నించాలి. మళ్లీ హెచ్చరిక వస్తే ఒక రోజంతా ఆరనివ్వాల్సి రావచ్చు. హెయిర్ డ్రయర్ వద్దు, ఎర్రటి ఎండలో పెట్టొద్దు.

ఇక అందరూ చెప్పే బియ్యం చిట్కా. ఇంట్లో ఉన్నవి నెల్లూరు మొలగొలుకులే అయినా సరే, వాటిని అన్నానికే ఉంచుకోండి! ఫోన్ లోపల చిక్కుకున్న తేమని బియ్యం పెద్దగా లాగదు. ఉప్పుని అసలే లాగదు. బియ్యపు పొడి, నూకలు పోర్ట్‌లోకి వెళ్లి కొత్త సమస్య తెస్తాయి. ఐఫోన్‌ని బియ్యంలో పెట్టొద్దని యాపిల్ తన సపోర్ట్ పేజీలో స్పష్టంగానే రాసింది.

ఎండ దెబ్బ ఫోన్‌కి కూడా

మే నెలలో నెల్లూరు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. పరిసరాల వేడి 35 డిగ్రీలు దాటితే ఛార్జింగ్ నెమ్మదించడం, ఆగిపోవడం ఫోన్ తనని తాను కాపాడుకునే పద్ధతి. బండి హ్యాండిల్‌కి తగిలించి, మ్యాప్ ఆన్‌లో పెట్టి, ఎండలో ఛార్జింగ్ ఎక్కట్లేదంటే ఎలా? నీడకి తీసుకెళ్లి కవర్ తీసి కాసేపు వదిలేయండి, మళ్లీ ఎక్కుతుంది. చల్లబరచాలని ఫ్రిజ్‌లోనో, చేపల ఐసు పెట్టెలోనో పెట్టకండి. బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది. చల్లటి సీసా బయటికి తీస్తే నీళ్లు పట్టినట్టే ఇదీ.

80 శాతం దగ్గర ఆగిపోతోందని కంగారు పడేవాళ్లు కూడా చాలామందే. అది రిపేరు కాదు. బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలని ఫోన్లలో ఉండే సెట్టింగ్. బ్యాటరీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'ప్రొటెక్షన్' అనో 'లిమిట్' అనో ఉంటే ఆఫ్ చేసుకోవచ్చు. ఆన్‌లో ఉంచుకున్నా మంచిదే. అలాగే ఒకసారి రీస్టార్ట్ చేసి చూడటం సిల్లీగా అనిపించినా చాలాసార్లు పనిచేస్తుంది.

పడవలో ఛార్జింగ్.. జాగ్రత్త

ఇంజిన్ బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు లాగి ఫోన్‌కి పెట్టే అలవాటు కొందరికి ఉంది. అది 12 ఓల్టుల బ్యాటరీ. ఇంజిన్ ఆన్ చేసినప్పుడు ఓల్టేజీ ఎగిరిపడుతుంది. మధ్యలో కార్లలో వాడే 12 ఓల్టుల మొబైల్ ఛార్జర్, దానికో ఫ్యూజు ఉండాలి. ప్లస్, మైనస్ తారుమారైతే ఫోన్ అక్కడికక్కడే పోతుంది. వేటకెళ్లేవాళ్లకి దీనికంటే పవర్‌బ్యాంకే మేలు. జిప్‌లాక్ కవర్లో ఫోన్‌తో పాటు పెట్టుకోవాలి. 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నా ఓల్టేజీ మార్పిడిలో పోయేది పోగా ఫోన్‌కి చేరేది సుమారు 6,000 నుంచి 6,500 మాత్రమే. అంటే 5,000 ఎంఏహెచ్ ఫోన్‌కి ఒకసారి నిండా, ఆపైన కొంచెం. రెండు మూడు రోజుల వేటకి ఇద్దరు ముగ్గురు పంచుకునేట్టయితే ఇది సరిపోదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం. పడవలో వాడే స్పేర్ ఫోన్‌నీ, పవర్‌బ్యాంకునీ ఆ రెండు నెలలూ జీరో ఛార్జింగ్‌తో మూల పడేస్తే బ్యాటరీ కోలుకోలేనంతగా పడిపోవచ్చు. సగం ఛార్జింగ్ ఎక్కించి, స్విచాఫ్ చేసి, చల్లటి చోట పెట్టండి.

షాపుకి ఎప్పుడు వెళ్లాలి..?

స్క్రీన్ పైకి లేచినట్టున్నా, వెనకభాగం ఉబ్బినా ఇంకేమీ ప్రయత్నించకండి. అది బ్యాటరీ ఉబ్బడం. నొక్కకూడదు, గుచ్చకూడదు, ఛార్జింగ్ పెట్టకూడదు. దిండు కింద అసలే పెట్టుకోకూడదు. ఫోన్ పాతదై, 100 శాతం ఎక్కి రెండు గంటల్లో ఖాళీ అవుతుంటే అప్పుడు నిజంగానే బ్యాటరీ మార్చే టైం వచ్చిందని అర్థం.

ఛార్జింగ్ ఇంకా ఎంతోకొంత ఉండగానే ఫొటోలు, కాంటాక్టులు బ్యాకప్ తీసుకోండి. ఫోన్ పూర్తిగా పోయాక డేటా తీయడం రిపేరు కంటే ఎక్కువ ఖర్చు.

తీరం ఊళ్ల నుంచి నెల్లూరు టౌన్‌కో, కావలికో వెళ్లి రావడమంటే పూట పోయినట్టే. వెళ్లేటప్పుడు 'సముద్రం దగ్గర వాడే ఫోన్, ఉప్పు పట్టి ఉండొచ్చు, ముందు క్లీన్ చేసి చూడండి' అని చెప్పండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేస్తేనే కొన్ని ఫోన్లు బాగైపోతాయి. కాకపోతే, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఛార్జింగ్ పోర్ట్ ఉండే చిన్న బోర్డు విడిగా ఉంటుంది, దాన్ని మాత్రమే మార్చవచ్చు. మెయిన్ బోర్డులో ఐసీ పోయిందంటే మాత్రం ఖర్చు పెరుగుతుంది. ఆ మాట చెప్పినప్పుడు ఇంకో షాపులో కూడా అడగడం తప్పేం కాదు. మార్చిన పాత పార్టు చూపించమని అడగండి, బిల్లు తీసుకోండి. వారంటీలో ఉన్న ఫోన్‌కి కంపెనీ వాళ్లు అకారణంగా తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేయవచ్చు.

తుఫాను టైంలో

నెల్లూరుకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే. 2021 నవంబరులో పెన్నా వరద, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుఫాను.. ఇలాంటప్పుడు కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో చెప్పలేం. హెచ్చరిక రాగానే ఫోన్లు, పవర్‌బ్యాంకు, ఛార్జింగ్ లైట్లు అన్నీ నింపుకోవాలి. కరెంటు పోయాక ఒక ఫోనే ఆన్‌లో ఉంచి మిగతావి స్విచాఫ్ చేయండి. సిగ్నల్ సరిగా లేని చోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూనే బ్యాటరీ తాగేస్తుంది, అందుకని అవసరం లేనప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టి గంటకోసారి తీసి చూసుకోవాలి. ల్యాప్‌టాప్ ఉంటే దాని నుంచి కూడా ఫోన్‌కి ఛార్జింగ్ ఎక్కుతుంది, కారు ఉంటే కారులో పెట్టుకోవచ్చు.

ఇంట్లోకి నీళ్లొచ్చి స్విచ్ బోర్డు తడిస్తే, కరెంటు తిరిగి వచ్చినా దానికి ఛార్జర్ పెట్టకండి. ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ ఆఫ్‌లోనే ఉండాలి. తడి చేతులతో ఛార్జర్ ముట్టుకోవడం ఎప్పుడూ ప్రమాదమే. తెగిపడిన వైర్లు, కరెంటు సమస్యలకి 1912. అత్యవసరమైతే 112. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్‌గార్డ్ నంబరు 1554. ఈ మూడు నంబర్లూ ఫోన్‌లో సేవ్ చేసుకోవడంతో పాటు, ఇంట్లో గోడ మీద కూడా రాసిపెట్టుకోండి.